ఏడో ప్రెస్, రెండో షిఫ్టు

జూన్ 4

ఇంకొక్కటే మిగిలింది. పేపర్లన్నీ పాసయ్యాను. ఫీల్డ్ స్టడీ ఇచ్చేస్తే సమాజశాస్త్రంలో డిగ్రీ చేతికొస్తుంది. నా మెకానికల్ డిప్లొమానీ, నాలుగేళ్ళ ఉద్యోగాన్నీ కలిపి యూనివర్సిటీ వాళ్ళు రెండేళ్ళ చదువు కింద లెక్కగట్టారు. మిగతా ఏడాది ఆదివారం క్లాసులతో నెట్టుకొచ్చాను.

దేని మీద చేస్తావని గైడ్ మేడమ్ అడిగారు. మా ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్ షాపు మీద అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆవిడ మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాను.

"మంచిదే. కానీ నువ్వక్కడ ఇన్‌స్పెక్టర్‌వి కదా. నీకు నిజం చెప్తారా?"

చెప్తారన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. నాలుగేళ్ళలో వాళ్ళతో నేను మాట్లాడిందంతా పోగుచేసినా ఒక పేజీ నిండదు. ఓకే. రిజెక్ట్. అంచు గీరుకుంటోంది, చూసుకోండి.

జూన్ 5

ఇన్‌స్పెక్షన్ గదిలో, భోజనాల టైములో రాస్తున్నాను. ఇక్కడ ఎప్పుడూ ఇరవై డిగ్రీలే. వేడికి ఉక్కు పెరిగి కొలత తప్పుతుందని ఈ గదికి ఏసీ పెట్టించారు. బయట షాపులో ఫ్యాన్లు.

ఇంట్లో రాస్తే అమ్మ చూస్తుంది. అమ్మ చదవదు. రాస్తున్నప్పుడు నా మొహం చూసి చెప్పేస్తుంది.

కాన్వెంటు స్కూల్లో సిస్టర్ అనేది: రోజూ చేసిన తప్పులు మీరు రాసుకోండి, చేసిన మంచి దేవుడు రాసుకుంటాడు. నేను బుద్ధిగా రాసుకునేదాన్ని. ఎక్కువ ఉండేవి కావు. ఎవరితోనూ మాట్లాడనిదానికి తప్పులెలా వస్తాయి.

జూన్ 11

గైడ్ మేడమ్ చెప్పిన నియమాలు. మాట్లాడినవాళ్ళ పేర్లు ఎక్కడా రాయకూడదు. వాళ్ళు చెప్పింది వాళ్ళకి చేటు తేకూడదు. రికార్డు చేస్తే, రాసుకున్నాక చెరిపెయ్యాలి. పనిచేసే చోటు నుంచి అనుమతి పత్రం ఉండాలి.

అనుమతి కోసం మా ఫ్యాక్టరీ మేనేజరు పెద్దసారు గదికి వెళ్ళాను. తలుపు బయట ఎంతసేపు నిలబడ్డానో, ఫైలు తీసుకెళ్ళే ఆయన రెండుసార్లు నన్ను దాటుకుని వెళ్ళొచ్చాడు.

పెద్దసారు వెంటనే సంతకం పెట్టారు. "మిషన్ల సంగతి తెలిసి, మనుషుల సంగతీ తెలిసినవాళ్ళు మనకి కావాలమ్మా. వెల్ఫేర్ ఆఫీసర్ ఈ ఏడాది చివర్లో రిటైరవుతున్నాడు. డిగ్రీ రానియ్, చూద్దాం. అన్నట్టు, రిపోర్టు కాపీ ఒకటి ఆఫీసుకి ఇవ్వాలి సుమా."

ఇస్తానన్నాను. వెల్ఫేర్ ఆఫీసర్. ఆ మాట ఇంటికెళ్ళేదాకా బస్సులో మనసులో అనుకుంటూనే ఉన్నాను. అప్పుడు వాళ్ళకి నిజంగా ఏదైనా చెయ్యొచ్చు.

నాన్నకి చెప్పాను. ముప్ఫై ఏళ్ళు లేతు దగ్గర నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి, కాగితం మీద రాసి చూపించాను. "ఇనుము చదువు అయిపోయిందా? ఇప్పుడు మనుషుల చదువా?" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. "ఇనుమే నయం కదే అమ్మడూ, పెట్టినచోట ఉంటుంది!"

జూన్ 19

ఐదుగురిని అడిగాను. "అంతా బాగుంది మేడమ్." "మాకేం లోటు మేడమ్." ఒకతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు కూడా.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర ఏడో ప్రెస్ మీద పనిచేసే అక్క నవ్వింది. "ఏంటి గేజమ్మా, ఇప్పుడు మనుషుల్ని కూడా ఓకే, రిజెక్ట్ చేస్తున్నావంట?"

ముక్కల్ని కొలిచే గేజ్ పట్టుకుని తిరుగుతానని నాకా పేరు. తల దించుకున్నాను.

"ఆ అట్ట చంకలో పెట్టుకుని నిలబడితే ఎవడు చెప్తాడు? నన్నడుగు. కూచుని అడుగు."

"మీకు వీలైనప్పుడే అక్కా..."

"అక్కా అంటావు, మీరంటావు. రెంట్లో ఏదో ఒకటి తేల్చుకో."

జూన్ 23

షిఫ్టుకి ముందు, తుక్కు డబ్బాల వెనక బల్ల మీద కూర్చున్నాం. ఇంటి సంగతులు చెప్పింది. కూతురు తొమ్మిదో తరగతి. అత్తగారికి కళ్ళు కనపడవు. సంపాదించేది తనొక్కతే. "మా ఆయన ఉన్నాడు. ఎక్కడున్నాడో అడక్కు, నేనూ అడగను."

తర్వాత పని గురించి అడిగాను. రూలు ప్రకారం ప్రెస్ ఎలా నొక్కాలి? నాకు తెలుసు. అయినా అడగాలి.

"రెండు చేతులతో రెండు బటన్లు. అప్పుడే పైది కిందికి దిగుతుంది. చేతులు రెండూ బయటే ఉంటాయి, క్షేమం. గోడ మీద బొమ్మ కూడా వేశారుగా, అందులో ఆవిడెవరో నవ్వుతూ నొక్కుతుంటుంది."

"మరి?"

"మరి రేకు ఎవరు పెడతారు? ఆ బొమ్మలో ఆవిడొచ్చి పెడుతుందా?"

నవ్వాను. తనూ నవ్వింది. ఆ తర్వాత చెప్పింది ఉన్నదున్నట్టు నోట్‌బుక్కులో రాశాను, ఇక్కడా రాసుకుంటున్నాను.

"రెండు చేతులూ బటన్ల మీదే ఉంటే గంటకి రెండొందల ఎనభై ముక్కలొస్తాయి. అడిగేది నాలుగొందలు. రూలేమో రెండు చేతులది, టార్గెట్టేమో ఒక చేతిది. చేరిన రెండో రోజునే కౌంటర్ చూపించాడు."

కౌంటర్ అంటే మా షాపు సూపర్‌వైజర్. గంటగంటకీ వచ్చి "కౌంట్ ఎంత?" అంటాడని ఆ పేరు.

"జేబులోంచి సైకిల్ ట్యూబు ముక్క తీసి కుడి బటన్‌కి బిగించి కట్టాడు. ఇక అది నొక్కినట్టే ఉంటుంది. ఎడమ చేత్తో రెండోది నొక్కు, కుడి చేత్తో రేకు పెట్టు అన్నాడు. ఆయన కట్టింది ఆ ఒక్క రోజే. తర్వాత రోజూ నేనే కట్టుకుంటున్నా, జడేసుకున్నట్టు."

"భయం వెయ్యదా?"

"కొత్తలో వేసేది. ఈ మాటలన్నీ రాస్తావా?"

"రాస్తాను. పేరు మాత్రం రాయను."

"పేరుదేముందిలే. మా అమ్మ పెట్టిన పేరు ఈ షాపులో ఎవడికి తెలుసు? ఏడూ, ఇట్రా అంటే వెళ్తాను."

జూన్ 24

మిషన్‌లో రక్షణకి సంబంధించింది ఏది సరిగ్గా లేకపోయినా ఎర్ర స్లిప్ రాయడం ఇన్‌స్పెక్టర్ పని. డిప్లొమాలో పరీక్ష రాసి మరీ పాసైన సంగతి.

గైడ్ మేడమ్‌కి ఫోన్ చేశాను. "నమ్మి చెప్పిన మాట అది. స్లిప్ రాస్తే ఇక నీతో ఎవరూ మాట్లాడరు. అయినా నీకు తెలియని విషయమా ఇది, ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నావు కదా?" అన్నారు.

చూస్తూనే ఉన్నాను.

రాయలేదు. స్టడీ పూర్తయితే అందులో అన్నీ ఉంటాయి. స్లిప్ కన్నా అదే మేలు.

జూలై 8

అక్క చెప్పాక ఒక్కొక్కరే వచ్చారు. మొత్తం పద్నాలుగు మంది. అందరూ కడుతున్నారు. అందరికీ ముక్క ఇచ్చింది కౌంటరే. నోట్‌బుక్కు నిండింది. రికార్డింగులు చెరిపేశాను, నియమం ప్రకారం.

ఇవాళ మూడో ప్రెస్ అతను నన్ను పిలిచి వేయించిన పల్లీలు ఇచ్చాడు. నాలుగేళ్ళలో మొదటిసారి నాకు ఒకరు ఏదైనా పెట్టడం.

జూలై 15

టేబుల్ తయారైంది. పద్నాలుగు వరుసలు. పేర్లు లేవు. పేరు తీసేస్తే వరుసకి ముందు ఏదో ఒక గుర్తు కావాలి కదా. మిషన్ నంబరు, షిఫ్టు వేశాను. ప్రతి కొలతకీ ఎక్కడిదో, ఎప్పటిదో తెలిసే గుర్తు ఉండాలి, లేకపోతే అది కొలతే కాదు. డిప్లొమా మొదటి ఏడాది మొదటి పాఠం.

"కారణం" అనే గడిలో, బటన్ ఎలా కట్టి ఉందన్నదానికి, ఒక్కో వరుసకి ఒక్కటే రాశాను. "ఆపరేటర్ స్వయంగా." మా రిజెక్షన్ ఫారంలోనూ అంతే, ఒక లోపానికి ఒకే కారణం. "ఎవరు నేర్పారు" అని ఇంకో గడి అనుకున్నాను కానీ పేజీలో పట్టలేదు. తీసేశాను. చివర్లో టార్గెట్ గురించి ఒక పేరా ఎలాగూ ఉంది.

గైడ్ మేడమ్ తిరగేసి చూశారు. "ఎంత శుభ్రంగా ఉందో! మా రెగ్యులర్ పిల్లలు ఇలా చెయ్యరు."

జూలై 29

ఇచ్చేశాను. రెండు కాపీలు యూనివర్సిటీకి, ఒకటి ఆఫీసుకి. పెద్దసారు లేరు, ఆయన టేబుల్ మీద పెట్టి వచ్చాను.

ఆగస్టు 20

అక్క చెయ్యి.

ఆగస్టు 22

కుడిచెయ్యి. చూపుడువేలు, మధ్యవేలు. రెండూ మొదలు దాకా.

నాలుగున్నరకి. నేను గదిలో ఉన్నాను. ఏసీ శబ్దంలో కేక వినపడలేదు. ప్రెస్‌లన్నీ ఒక్కసారి ఆగిపోతే ఆ నిశ్శబ్దానికి తలెత్తాను.

ఆ రోజు రెండుంబావుకి ఏడో ప్రెస్ దగ్గరికి వెళ్ళి షిఫ్టులో మొదట తయారైన ముక్క, ఫస్ట్ పీస్, తెచ్చుకున్నాను. ట్యూబు ముక్క కట్టే ఉంది. అక్క "ఏం గేజమ్మా, డిగ్రీ వచ్చిందా?" అంది. ఇంకా లేదక్కా అన్నాను. పీస్ తెచ్చి కొలిచాను. సరిగ్గా ఉంది. ఓకే అని రాసి టైము వేసి సంతకం పెట్టాను.

ఆగస్టు 25

ఆసుపత్రికి వెళ్ళాను. వార్డు గుమ్మం దాకా. కూతురు పక్కన కూర్చుని చెంచాతో ఏదో తినిపిస్తోంది. వాళ్ళు ఇటు చూడలేదు. వచ్చేశాను.

సెప్టెంబరు 3

అక్కకి నోటీసు ఇచ్చారు. రక్షణ పరికరాన్ని ఉద్దేశపూర్వకంగా పనిచెయ్యకుండా చేసినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని. తప్పు తనది కాదని తేలితే ప్యాకింగ్‌లో తేలికపాటి పని ఇవ్వాల్సి ఉంటుందట. తేలకపోతే ఇంటికే.

నోటీసుకి జత చేసిన కాగితం మూడో ప్రెస్ అతను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వెళ్ళిపోయాడు. నా టేబుల్ నకలు. ఒక వరుస కింద పచ్చగీత. ఏడో ప్రెస్, రెండో షిఫ్టు. కారణం: ఆపరేటర్ స్వయంగా.

నేను పేరు రాయలేదు.

సెప్టెంబరు 4

నేను ఎవరి పేరూ రాయలేదు.

సెప్టెంబరు 9

పెద్దసారు పిలిచారు. కూర్చోమన్నారు. టీ తెప్పించారు.

"పన్నెండున ఎంక్వయిరీ. నిన్నేం ఇబ్బంది పెట్టరమ్మా. ఈ రిపోర్టు నీదేనా అని అడుగుతారు. నీదే కదా?"

"నాదే సార్."

"అంతే. ఉన్నమాట చెప్పడమే. నువ్వు అబద్ధాలు ఆడే పిల్లవి కాదని నాకు తెలుసు." తర్వాత వెల్ఫేర్ పోస్టు గురించి, అక్టోబరు మధ్యలోనే తీసుకుంటామని, అప్లికేషను ఇమ్మని.

టీ తాగలేదు. మీగడ కట్టింది. గ్లాసు పట్టుకునే కూర్చున్నాను.

సెప్టెంబరు 12

వెళ్ళాను. అడిగారు. ఔనన్నాను.

సెప్టెంబరు 16

డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చింది. ఫస్ట్ క్లాసు. అమ్మ దాన్ని పట్టుకుని పక్కింటికి వెళ్ళింది, ఎదురింటికి వెళ్ళింది. "రెండు చదువులే! దానికి నోరు లేదన్నారుగా అందరూ, చూశారా మరి?"

సెప్టెంబరు 21

అక్కని తీసేశారు. నోటీసు బోర్డు మీద నాలుగు వాక్యాలు. అందులో పేరు ఉంది. చాలామంది ఆగి చదివి, ఇదెవరు అని అడిగారు. ఏడు అని ఎవరో చెబితే ఓహో అన్నారు.

సెప్టెంబరు 24

షాపులో అన్ని ప్రెస్‌లకీ బటన్ల చుట్టూ ఇనప తొడుగులు బిగించారు. ఇక ఏదీ కట్టడానికి వీల్లేదు. టార్గెట్టు నాలుగొందలే. పదమూడు మందికీ మెమోలు రాబోతున్నాయని చెప్పుకుంటున్నారు.

నన్ను గేజమ్మా అనడం మానేశారు. మళ్ళీ మేడమ్ అంటున్నారు. నేను వెళ్తే లేచి నిలబడుతున్నారు.

సెప్టెంబరు 28

పన్నెండున జరిగింది రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

మీటింగు హాలు. పొడుగాటి బల్ల. ఒకవైపు ఎంక్వయిరీ చేసే లాయరు, పెద్దసారు, కౌంటర్. ఇటువైపు అక్క, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని. నాకు కుర్చీ బల్ల చివర వేశారు, సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

రిపోర్టు మీదేనా? ఔను. ఏడో ప్రెస్, రెండో షిఫ్టు, ఆపరేటర్ స్వయంగా. ఇది ఈవిడ మీతో చెప్పిన మాటేనా? ఔను.

లాయరు అక్క వైపు తిరిగి, మీరేమైనా అడగాలా అన్నాడు.

అక్క నన్నే చూసింది. "గేజమ్మా, ట్యూబు ముక్క ఎవరు తెచ్చారో, మొదట ఎవరు కట్టారో కూడా చెప్పాను కదా?"

కౌంటర్ గోడకేసి చూస్తున్నాడు. నేను బల్లకేసి చూశాను.

"ఆ మాట రిపోర్టులో ఉందా?" అని లాయరు నన్నడిగాడు.

"లేదు," అన్నాను.

రాసుకున్నారు. సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

అడిగింది రిపోర్టులో ఉందా అనే. లేదన్నది నిజం. ఇన్ని రోజులుగా ఇదే అనుకుంటున్నాను. ఇంత నిజం మాట్లాడి ఇంత అబద్ధం చెప్పొచ్చని నాకు ఏ సిస్టరూ నేర్పలేదు, నేనే కనిపెట్టాను.

సెప్టెంబరు 29

పేజీలో పట్టకపోవడం కాదు. కాగితం అడ్డంగా తిప్పితే పట్టేది. డ్రాయింగులు గీసినదాన్ని, నాకు తెలియదా? ముందు తిప్పే గీశాను. "ఎవరు నేర్పారు" గడిలో పద్నాలుగు సార్లు సూపర్‌వైజర్ అని రాశాను కూడా. దాన్ని పెద్దసారు చదువుతారని గుర్తొచ్చింది. వెల్ఫేర్ పోస్టు గుర్తొచ్చింది. నిలువుగా మళ్ళీ గీశాను.

పేరు రాయలేదు. ఆవిడ పేరే ఏడు. నాతోనే చెప్పింది.

అక్టోబరు 1

అక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బట్టలు కుట్టే షాపు పైన, ఇనప మెట్లెక్కితే ఒక గది. అక్క కింద కూర్చుని ఎడమ చేత్తో గిన్నె తోముతోంది. గిన్నె తిరగకుండా కాళ్ళ మధ్య ఇరికించుకుంది. మూల మంచం మీద అత్తగారు "ఎవరే?" అంది.

"నన్ను కొలవడానికి వచ్చిందత్తా," అంది అక్క. చెయ్యి చాపింది. కట్టు విప్పేశారు. "చూసుకో. ఎంత తగ్గిందో రాసుకో."

నిలబడ్డాను. ఏడవకూడదని వచ్చేటప్పుడే అనుకున్నాను. ఏడవలేదు.

"కూచో. నువ్వు నిలబడితే నాకు షాపులో ఉన్నట్టుంటుంది."

కూర్చున్నాను. "తప్పు చేశానక్కా. నువ్వు చెప్పింది సగమే రాశాను."

"తెలుస్తూనే ఉందిగా. మిగతా సగం ఏం చేశావు?"

"నోట్‌బుక్కులో ఉంది. నువ్వు చెప్పింది చెప్పినట్టు."

తోముతున్న చెయ్యి ఆగింది. "ఉందా? ఎంక్వయిరీ రోజు కూడా ఉందా?"

"ఉంది."

"ఎక్కడ?"

"నా సంచిలో."

"ఆ కుర్చీ పక్కన పెట్టుకున్నావే, ఆ సంచిలోనా?"

"ఔనక్కా."

అక్క మళ్ళీ తోమడం మొదలెట్టింది. ఆ గిన్నె అప్పటికే తెల్లగా ఉంది. ఇంకా తోముతూనే ఉంది. అత్తగారు ఏమంటోందే ఆ పిల్ల, ఏమంటోందే అని అడుగుతూనే ఉంది.

చివరికి అక్కే అంది. "లేబరాఫీసులో అప్పీలు పెట్టుకోవచ్చంట. ఆర్డరొచ్చిన ఇరవై రోజుల్లో. సాక్ష్యం ఏదన్నా ఉంటేనే పెట్టు, లేకపోతే తిరగడం దండగ అన్నారు. అందుకే ఊరుకున్నా. పొద్దున్నే రెండు బిల్డింగుల మెట్లు తుడుస్తున్నా ఇప్పుడు."

"నేను రాసిస్తాను. నీ పేజీలు కూడా ఇస్తాను."

"నా పేజీలే. మిగతా పదమూడు మంది ఊసెత్తావో, నీ మొహం చూడను. వాళ్ళకీ పిల్లలున్నారు."

సరేనన్నాను. టీ ఇవ్వలేదు. మెట్ల దాకా రాలేదు. మంచిదే.

అక్టోబరు 4

గైడ్ మేడమ్ ఇంటికి వెళ్ళాను. అన్నీ చెప్పాను. ఒకేసారి అంత మాట్లాడటం నా జీవితంలో అదే మొదటిసారి. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒక మిషన్ మీద షిఫ్టుకి ఒక్కరే ఉంటారని నాకు తెలీదు. అడగాల్సింది. శుభ్రంగా ఉందని సంతకం పెట్టాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మిషన్ నంబరు అలవాటుగా పడిందని రాస్తే యూనివర్సిటీ బోర్డు మందలించి వదిలేస్తుంది. కావాలని గడి తీసేశానని రాశావంటే ఆ స్టడీ చెల్లదు. స్టడీ చెల్లకపోతే డిగ్రీ ఉండదు. లేబరాఫీసుకిచ్చిన కాగితం వీళ్ళ దాకా రాకుండా ఉండదు, మీ కంపెనీయే పంపిస్తుంది. పేజీలో పట్టలేదని రాయొచ్చు కదా?"

ఆ మాట ఇక్కడ జూలై పదిహేనున నేనే రాసుకున్నాను.

"పట్టలేదంటే ఎవరూ నమ్మరు మేడమ్," అన్నాను. తర్వాత, "నేను కూడా నమ్మను," అన్నాను.

ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. మళ్ళీ చేరాలంటే మొదటి ఏడాది నుంచే అని, డిప్లొమాని లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఒక్కసారే ఇస్తారని చెప్పారు. చెప్పాలి కాబట్టి చెప్తున్నానమ్మా అన్నారు.

అక్టోబరు 6

వెల్ఫేర్ ఆఫీసర్‌గా నియామకం లెటర్ వచ్చింది, పెద్దసారు అడిగినప్పుడు ఇచ్చిన అప్లికేషనుకి. పదిహేను నుంచి. అమ్మ చేతిలో ఉండగానే చెప్పాను, వెళ్ళడం లేదని, ఎందుకో కూడా.

"మతి పోయిందా నీకు? ఆవిడ కట్టుకున్న తాడు ఆవిడ కట్టుకుంది. నువ్వు కట్టావా? నువ్వు పట్టుకున్నావా?"

"నేను చూశానమ్మా."

"చూసినవాళ్ళందరూ ఉద్యోగాలు మానేస్తే ఊళ్ళో దుకాణాలన్నీ మూసుకోవాలి!"

నాన్న ఏంటి ఏంటి అని అడుగుతుంటే అమ్మ ఆయన చెవిలో మొదటినుంచి అంతా అరిచి చెప్పింది. డిగ్రీ, అక్క, వేళ్ళు, సంచి, అన్నీ. వీధి మొత్తం విన్నది. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ ఆగిపోయింది. స్కూల్లో పాఠం చదవమంటేనే వణికే నాకు అంతకన్నా శిక్ష ఉండదు. కదలకుండా నిలబడ్డాను.

నాన్న అంతా విని, "ఎన్ని వేళ్ళు?" అని అడిగాడు. రెండు అని చూపించాను. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. అది నా పక్షమో అమ్మ పక్షమో తెలియలేదు. అడగలేదు.

అక్టోబరు 9

బ్లేడుతో నోట్‌బుక్కులోంచి అక్క పేజీలు నాలుగు కోసి, మిగతాది ఇంట్లోనే ఉంచాను. ఇద్దరం లేబరాఫీసు మెట్ల దగ్గర కలుసుకున్నాం. అక్క మెట్లు తుడిచి నేరుగా వచ్చింది, చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి.

కిటికీ దగ్గర గుమస్తా నా వాంగ్మూలం రెండుసార్లు చదివాడు. "అప్పుడు ఔనని సంతకం పెట్టింది మీరే, ఇప్పుడు కాదంటున్నదీ మీరేనా?"

"నేనే."

"నోట్‌బుక్కులోంచి కోసిన కాగితాలంటే అవతలి లాయరు ఊరుకోడమ్మా. నిన్న రాసి తెచ్చారంటాడు. నిలుస్తుందని నేను చెప్పలేను."

"తెలుసండి."

"ఏడాది పట్టొచ్చు. ఎక్కువ కూడా పట్టొచ్చు." ఆ మాట అక్కతో అన్నాడు. అక్క తలూపింది. "మెట్లకేం తొందర లేదు బాబూ, రోజూ మాసిపోతూనే ఉంటాయి."

సాక్షి వివరాల ఫారం ఇచ్చాడు. పేరు రాశాను. వయసు. చిరునామా. ఉద్యోగం దగ్గర ఇన్‌స్పెక్టర్ అని రాశాను, ఇంకెన్నాళ్ళో తెలియదు. చదువు అన్నచోట పెన్ను ఆగింది. సర్టిఫికెట్టు ఇంకా రద్దు కాలేదు. రాస్తే తప్పేం లేదు. ఈ వాంగ్మూలానికి కాస్త బరువు కూడా వచ్చేదేమో.

డిప్లొమా అని రాశాను.

తర్వాత అప్పీలు కింద అక్క సంతకం పెట్టాలి. వేలిముద్ర వెయ్యొచ్చు అని గుమస్తా సిరాపెట్టె ముందుకి తోశాడు. అక్క వద్దంది. "సంతకం వచ్చు నాకు." ఎడమ చేత్తో పెన్ను పట్టుకుంది. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కోటి ఒక్కో వైపు వాలుతూ. ఏడు కాదు, వాళ్ళమ్మ పెట్టిన పేరు. వెనకాల వరుసలో ఎవరో తొందరగా కానివ్వమ్మా అన్నారు. అక్క వినిపించుకోలేదు. కాగితం జారిపోతోంది, రెండో చేత్తో ఆపుకోలేకపోతోంది. నేను అంచు నొక్కి పట్టుకున్నాను. నా వైపు చూడలేదు. వదలమని కూడా అనలేదు. సగం అయింది. ఇంకా మూడు అక్షరాలు ఉన్నాయి.